దూరమే శిక్ష

అనకాపల్లి తీరంలోని చేపల పల్లె పూడిమడకకూ ఐర్లండ్‌కూ ఒక పాత చుట్టరికం ఉంది. కడుపు తీయించడం నేరమంటూ మన శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ రాసింది 1860లో. ఐర్లండ్‌లో అదే మాట చెప్పిన చట్టం 1861 నాటిది. రెండూ బ్రిటిష్ పాలకుల చేతి రాతే. తర్వాత ఎవరి స్వాతంత్ర్యం వాళ్లకు వచ్చింది. మనం 1971లోనే గడియ తీశాం. వాళ్లు 1983లో రెఫరెండం పెట్టి మరీ రాజ్యాంగంలో ఇంకో గడియ బిగించుకున్నారు. అది తీయడానికి 2018 దాకా పట్టింది.

కాథలిక్ సంప్రదాయం వేళ్లూనిన దేశంలో అబార్షన్ చట్టబద్ధం కావాలా అని అడిగితే, కావాలనే నా జవాబు. అయితే ఆ జవాబు చెప్పేసి చేతులు దులుపుకునే హక్కు మనకు లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు సవిత సంగతి. సవితా హలప్పనవర్‌ది బెళగావి. వయసు 31, వృత్తి దంతవైద్యం. పదిహేడు వారాల గర్భంతో 2012 అక్టోబరు 21, ఆదివారం నాడు నడుంనొప్పితో ఐర్లండ్‌లోని గాల్వే యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లింది. ఆ అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని డాక్టర్లకు తెలుసు, ఆమెకూ తెలుసు. మంగళవారం ఆమే నోరు తెరిచి గర్భం తీసేయమని అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అన్న మాట తన నోటి నుంచే వచ్చిందని ఒక మిడ్‌వైఫ్ తర్వాత విచారణలో ఒప్పుకుంది. నొప్పించాలని అనలేదని, పొరపాటుగా దొర్లిందని కూడా చెప్పుకుంది. నేను ఐరిష్‌నూ కాదు, కాథలిక్‌నూ కాదు అని సవిత బతిమాలినట్టు భర్త పత్రికలకు చెప్పాడు. బుధవారానికి రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకింది. ఆదివారం 28న చనిపోయింది.

విచారణలో నిపుణుడిగా వచ్చిన డాక్టర్ పీటర్ బోయ్‌లన్ చెప్పిన మాట దగ్గర ఆగాలి. సోమ, మంగళవారాల్లో గర్భం తీసి ఉంటే ఆమె బతికేదే. కానీ ఆ రెండు రోజులూ ఆమె ప్రాణానికి ‘తగినంత’ ముప్పు లేదు కాబట్టి చట్టం ఒప్పదు. చట్టం ఒప్పుకునే వేళకు వైద్యం చేతిలో ఏమీ లేదు. ఆసుపత్రి తప్పిదాలు చాలానే బయటపడ్డాయి, అవి వేరు. చావుకు ఎంత దగ్గరైతే వైద్యం చేయవచ్చో డాక్టరు లెక్కలు వేసుకోవాల్సిన చట్టం మాత్రం ఏ దేశంలో ఉన్నా చట్టమనిపించుకోదు.

చర్చి వాదనను తేలిగ్గా కొట్టేయనక్కర్లేదు. గర్భధారణ క్షణం నుంచీ అది ప్రాణమేనన్నది వాళ్ల విశ్వాసం. మన ధర్మశాస్త్రాలు తక్కువ తిన్నాయా? భ్రూణహత్యను మహాపాతకాల సరసనే కూర్చోబెట్టాయి. ఆ విశ్వాసంతో ఒక తల్లి బిడ్డను కంటానంటే ఆపే అధికారం ఎవరికీ లేదు. పక్కింటామె మీదికి పోలీసును పంపే అధికారం కూడా ఆ విశ్వాసానికి లేదు. ఈ తేడా ఐర్లండ్ కాథలిక్కులకు బోధపడింది. 2016 జనాభా లెక్కల్లో 78 శాతం మంది కాథలిక్కులమని రాయించుకున్న దేశం, రెండేళ్లు దాటగానే 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో నిషేధాన్ని ఎత్తేసింది. వాళ్లంతా చర్చి మానేసినవాళ్లని నేననుకోను. 2020 డిసెంబరులో అర్జెంటీనా పార్లమెంటూ అదే దారి పట్టింది. పోలండ్ మాత్రం అదే ఏడాది అక్టోబరులో కోర్టు తీర్పుతో వెనక్కి నడిచింది.

రాజ్యాంగంలో నిషేధం ఉన్న ముప్పై అయిదేళ్లూ ఐర్లండ్‌లో అబార్షన్లు ఆగాయా? లేదు, ఓడెక్కాయి. లక్షన్నరకు పైగా ఆడవాళ్లు సముద్రం దాటి ఇంగ్లండ్‌లో పని ముగించుకుని వచ్చారు. 1992లో అత్యాచారానికి గురైన పద్నాలుగేళ్ల పిల్లను ఇంగ్లండ్ వెళ్లకుండా ప్రభుత్వమే కోర్టుకెక్కి ఆపించింది. దేశం గగ్గోలెత్తాక సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ ఏడాదే మరో రెఫరెండంతో రాజ్యాంగానికి ఒక మాట చేర్చారు: ఇక్కడ చేయించుకోకూడదు, వెళ్లి చేయించుకోవడానికి అడ్డం లేదు. డబ్బున్నవాళ్లకు టికెట్టు దొరికింది. లేనివాళ్లకు, వీసా లేని శరణార్థులకు మిగిలింది నిషేధమే.

ఈ టికెట్టు సంగతే మనకు కావాల్సింది.

పూడిమడకలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మగవాళ్లు ఇంటిపట్టున ఉండే కాలం. ఆ తర్వాత ఇద్దరు పిల్లల తల్లి ఒకామెకు నెల తప్పిందనుకుందాం. తెల్లారితే ఒడ్డున పాటలో చేపలు కొని గంప నెత్తికెత్తుకోవాలి. లేదంటే అచ్యుతాపురం సెజ్‌కి పోయే బట్టల ఫ్యాక్టరీ బస్సు అందుకోవాలి. ఆశా కార్యకర్తతో చెబుదామంటే ఆమెదీ ఇదే ఊరు, ఇదే వీధి. వివరాలు బయటపెడితే జైలన్న నిబంధన మన గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణలో ఉంది గానీ, వీధి కొళాయి దగ్గర ఆ నిబంధన ఎవరికి తెలుసు? అనకాపల్లి పెద్దాసుపత్రి ముప్పై కిలోమీటర్ల దూరం. విశాఖలో ఘోషాసుపత్రి ఇంకా దూరం. వెళ్తే ఒక్క రోజుతో తెమలదు: ఓపీ, స్కానింగ్, మళ్లీ రమ్మనడం. మందుల షాపు మాత్రం దగ్గర్లోనే ఉంది. మగడో, ఆర్‌ఎంపీయో చీటీ లేకుండానే గర్భస్రావం మాత్రల కిట్టు తెచ్చిపెడతాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2015లో దేశంలో జరిగిన అబార్షన్లు కోటీ యాభై ఆరు లక్షలని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అందులో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగినవి. ప్రభుత్వాసుపత్రుల వాటా ఆరు శాతం. ఆ మాత్రలు చెడ్డవి కావు, సరైన వారాల్లో సరిగా వాడితే చాలా భద్రమైనవి. కానీ గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్ర పనిచేయదు. ట్యూబు పగిలి లోపల రక్తం కారుతుంటే, అది మాత్ర వల్ల వచ్చిన నొప్పేలే అని మంచంలోనే పడుకునే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

మన 1971 చట్టం ఆడవాళ్లు అడిగి తెచ్చుకున్నది కాదు. నాటు పద్ధతుల్లో తల్లులు చనిపోతున్నారనీ, జనాభా పెరుగుతోందనీ సర్కారు ఇచ్చింది. అందుకే అందులో హక్కు డాక్టరుది. గర్భం తీయడం సబబేనని ఆయన నమ్మాలి. 2021 సవరణ తర్వాత ఇరవై వారాల దాకా ఒకరు, ఆ పైన ఇరవై నాలుగు దాకా కొన్ని వర్గాలకు మాత్రమే, అదీ ఇద్దరు నమ్మాలి. పెళ్లికాని స్త్రీలకూ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గొప్ప తీర్పే ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, ఇద్దరు పిల్లలు ఉండి ప్రసవానంతర కుంగుబాటుతో సతమతమవుతున్న ఒక తల్లి 26 వారాల గర్భంతో వస్తే అదే కోర్టు కాదంది. ఆడపిల్లల పిండాలను చంపుతారని భయపడేవాళ్లకు ఒక మాట: లింగం చెప్పే స్కానింగ్‌ను పట్టుకోవడానికి 1994 చట్టం ఉంది. దాన్ని అమలు చేయలేక, తొమ్మిది వారాల లోపు మాత్ర అడిగిన ఆడమనిషిని అనుమానించడం చేతకానితనం.

ఐర్లండ్ 2018 చట్టంలో, తన గర్భం తాను తీసుకున్న స్త్రీ నేరస్తురాలు కాదు. పన్నెండు వారాల లోపయితే కారణమూ చెప్పనక్కర్లేదు. మన 312వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి న్యాయసంహితలో 88గా నంబరు మార్చుకుంది. తనకు తాను గర్భస్రావం చేసుకున్న స్త్రీకీ ఇది వర్తిస్తుందన్న వివరణ మాత్రం 1860లో ఉన్నట్టే ఉంది.

ఆ వాక్యం తీసేయడం ఢిల్లీ పని. జిల్లా స్థాయిలో అయ్యే పనీ ఒకటుంది. తొమ్మిది వారాల లోపు గర్భానికి మాత్రలిచ్చే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. పూడిమడక వాళ్లకు దగ్గరగా ఉండే ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక రోజు ఈ సేవ అందుతుందని తెలుగులో బోర్డు రాయించండి. ఆ రోజు డాక్టరు, మాత్రలు, స్కానింగ్ మూడూ అక్కడే ఉండేలా చూడండి.