పాడ్‌కాస్ట్ బతకాలంటే చందా పుస్తకం తెరవాలి

2025 నవంబరు 4న ఛత్తీస్‌గఢ్‌లో గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము రైలు గూడ్సు బండిని వెనక నుంచి ఢీకొన్నప్పుడు లాల్‌ఖదాన్ పేరు దేశమంతా వినిపించింది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తెలుగు చానళ్లు చూసేవాళ్లలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. బిలాస్‌పూర్ స్టేషన్ దాటి హౌరా వైపు వెళ్లే లైను పక్కన ఉంటుంది ఆ ప్రాంతం. అక్కడా, ఆ చుట్టుపక్కల రైల్వే కాలనీల్లోనూ తెలుగు ఇళ్లు తరాల నుంచి ఉన్నాయన్న సంగతి మాత్రం ఆ రోజు కూడా ఎవరూ చెప్పలేదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం పట్టాల పనికి, ఇంజన్ షెడ్డు పనికి ఇటు వచ్చారు. 1931లో రాయ్‌పూర్ - విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. ఇప్పటికీ కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే పోతుంది. పార్వతీపురం, బొబ్బిలి వెళ్లేవాళ్లు రాత్రంతా అందులోనే ప్రయాణం చేస్తారు. 2003 నుంచి దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు బిలాస్‌పూరే కేంద్రం. తాత గ్యాంగ్‌మన్, తండ్రి గార్డు, కొడుకు ఏదో ఆఫీసులో గుమస్తా. ఇలాంటి ఇళ్లలో మూడో తరం తెలుగు మాట్లాడుతుంది, పెద్దవాళ్లు చెప్పేది అర్థం చేసుకుంటుంది. చదవడం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. బడిలో నేర్చినవి హిందీ, ఇంగ్లిషు. ఆ పిల్లలకు తెలుగు పత్రిక అక్కరకు రాదు, పుస్తకం అందదు. చెవికి చేరేదే వాళ్లకు తెలుగు.

అందుకే ఇలాంటి ఊళ్లకు పాడ్‌కాస్ట్ ఒక అవసరం. ఫోను, మాట్లాడే మనిషి, వినే ఇల్లు ఉంటే మొదలవుతుంది. మొదలుపెట్టడం తేలికే, నిలబెట్టడమే కష్టం. ఉత్సాహంతో నాలుగు ఎపిసోడ్లు వస్తాయి. అయిదోది ఎడిట్ చేసే కుర్రాడికి పరీక్షలో, ఉద్యోగమో అడ్డం పడుతుంది. అతనికి డబ్బిచ్చే దారి ఉంటే ఆ అయిదోదీ వచ్చేది. కాబట్టి డబ్బు మాట ముందే మాట్లాడుకోవాలి, సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి.

డబ్బు అనగానే అందరూ యూట్యూబ్ ప్రకటనల వైపు చూస్తారు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ జరగాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావాలి. గంటల లెక్క నిజానికి అంత అసాధ్యం కాదు. వారానికి నాలుగు వందలమంది ఇరవై నిమిషాల చొప్పున వింటే ముప్ఫై వారాల్లో ఆ గంటలు పూర్తవుతాయి. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లనూ ఎలాగో పోగేశారనుకుందాం. మామూలు వీడియోలపై ప్రకటనల ఆదాయంలో 55 శాతం చేసినవాళ్లకు వస్తుంది. కానీ ఆ నాలుగు వందలమంది నెలకు ఇచ్చే వీక్షణలు 1,600 మాత్రమే. ప్రకటనదారు వీక్షణలను వేలల్లో కొనుక్కుంటాడు, లక్షలు దాటితేనే పట్టించుకుంటాడు. హైదరాబాదులో సినిమావాళ్లను కూర్చోబెట్టి మూడు గంటలు మాట్లాడించే కార్యక్రమానికి సరిపోయే ఆ లెక్క బిలాస్‌పూర్ తెలుగువాళ్ల కార్యక్రమానికి ఎన్నటికీ సరిపోదు. వినేవాళ్లు తక్కువన్నది లోపం కాదు. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లే అంతమంది.

ఆ లెక్కను బలవంతంగా సరిపెట్టుకోవాలని చూసేవాళ్లు ఎటు పోతారో తెలుగువాళ్లకు ఈమధ్యే తెలిసింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణ మీద మియాపూర్ పోలీసులు సినీ నటులు, యూట్యూబర్లు కలిపి 25 మందిపై కేసు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. చిన్న ఊరి పాడ్‌కాస్ట్‌కు మొదట వచ్చే పెద్ద డబ్బు తరచూ ఇలాంటి చోటి నుంచే వస్తుంది. దాన్ని మొదటి రోజే కాదనాలి. ఎదురింటి పిల్లాడు జీతం పోగొట్టుకోవడానికి మన గొంతు కారణం కాకూడదు.

మరి డబ్బు ఎక్కడ ఉంది? ఊళ్లోనే ఉంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లు చేసే సోలాపురి అమ్మవారి పూజ చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. పందిరి, మేళతాళాలు, ప్రసాదం, అన్నదానం అన్నీ చందాలతోనే నడుస్తాయి. రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనుషులున్నారు, ఏ ఇంట్లో ఎంత ఇస్తారో వాళ్లకు నోటికి వచ్చు. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు ఏ పాడ్‌కాస్ట్ కంపెనీ దగ్గరా లేదు.

అమెరికా పత్రికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో ఒక వ్యాసం రాశాడు. కళాకారుడికి లక్షలమంది అక్కర్లేదు, ఏడాదికి వంద డాలర్లు ఖర్చుపెట్టే నిఖార్సయిన అభిమానులు వెయ్యిమంది ఉంటే చాలు అన్నది అందులో సారం. బిలాస్‌పూర్‌కు ఆ వెయ్యి కూడా అక్కర్లేదు. మూడు వందల ఇళ్లు నెలకు యాభై రూపాయలు ఇచ్చాయనుకుందాం. నెలకు పదిహేను వేలు. నాలుగు ఎపిసోడ్లకు ఎడిటింగ్ చేసే కుర్రాడికి పదిహేను వందల చొప్పున ఆరు వేలు. మాట్లాడించేవాళ్లకు ఇంకో ఆరు వేలు. మిగిలిన మూడు వేలు మైకు మరమ్మతుకు, రానుపోను ఖర్చులకు. దీనితో ఎవరూ ధనవంతులు కారు, కానీ అయిదో ఎపిసోడ్ ఆగదు. పైగా మూడు వందల ఇళ్లలో ప్రతి ఇంటికీ అడిగే హక్కు ఉంటుంది: ఈ వారం ఎందుకు రాలేదు, మా మామయ్య కథ ఎప్పుడు చెప్పిస్తారు అని.

వినడానికి డబ్బు కట్టడం మనకు కొత్తేమీ కాదు. 1980ల దాకా రేడియో సెట్టు ఉన్న ఇల్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టింది. ఈ రోజుల్లో కుకు ఎఫ్‌ఎమ్, పాకెట్ ఎఫ్‌ఎమ్ తెలుగు కథలను డబ్బు తీసుకునే వినిపిస్తున్నాయి. తెలుగు పుస్తకాలను శ్రవణ రూపంలోకి తెచ్చిన దాసుభాషితం యాప్ కూడా చందాదారులను నమ్ముకుంది. తెలుగువాడు వినడానికి పైసా తీయడన్న మాటలో నిజం లేదు. అడిగే పద్ధతిలో అడగాలి, అంతే.

పరాయి గడ్డ మీద సొంత భాషలో పాడ్‌కాస్ట్ నడిపినవాళ్ల అనుభవమూ ఉంది. అమెరికాలో స్పానిష్ భాషలో వచ్చే రేడియో అంబులాంతే 2012లో కిక్‌స్టార్టర్ చందాలతో నిలదొక్కుకుంది. నవలా రచయిత డేనియల్ అలార్కోన్, ఆయన భార్య కరోలినా గెర్రెరో దాని వెనక ఉన్నారు. తర్వాత అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ దాన్ని శ్రోతలకు అందించింది. శ్రోతల సభ్యత్వాలు అడిగారు. ఊరూరా నలుగురు కూడి వినే క్లబ్బులు పెట్టారు. అన్నిటికన్నా గమనించాల్సింది, తమ కథలనే పాఠాలుగా మార్చి స్పానిష్ నేర్చుకునేవాళ్ల కోసం లూపా అనే యాప్ తెచ్చారు. ఒకసారి చేసిన కథకు రెండోసారి డబ్బు వచ్చింది. లాల్‌ఖదాన్ మూడో తరం పిల్లలకు కావలసింది సరిగ్గా ఇదే. నాయనమ్మ మాట వినిపిస్తూ, దాన్ని ముక్కముక్కగా తెలుగు అక్షరాల్లో చూపించే పాఠం ఉంటే, ఇద్దరు పిల్లలున్న ఏ ఇల్లయినా యాభైకి బదులు వంద ఇస్తుంది.

చందా పక్కన దుకాణాల ప్రకటన కూడా ఉండొచ్చు. అమీన్ సయానీ గొంతుతో 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన గీత్‌మాలా ఒక టూత్‌పేస్టు డబ్బుతోనే నడిచింది, ఆ పేస్టు పేరే కార్యక్రమానికి ఇంటిపేరయింది. ఎంత అడగాలన్నది చిన్న ఊళ్లో ఇబ్బందిగా ఉంటుంది. దానికి ప్రభుత్వం కట్టిన ధర ఒకటి ఉంది. 2024లో కమ్యూనిటీ రేడియో ప్రకటనల రేటును పది సెకన్లకు 52 నుంచి 74 రూపాయలకు పెంచారు. ఆ లెక్కన ఒక ఎపిసోడ్‌లో నిమిషం ప్రకటన రెండుసార్లు చదివితే 888 రూపాయలు. ఇడ్లీ పిండి అమ్మే దుకాణానికో, చీరల కొట్టుకో అది భారం కాదు. అది ప్రకటన అని వినేవాళ్లకు అక్కడికక్కడే చెప్పాలి. నిబంధన కోసమే కాదు, రేపు వీధిలో ఎదురుపడే మనుషులు కాబట్టి.

ఒక చిక్కు రైల్వే ఊళ్లకే ప్రత్యేకం. బాగా మాట్లాడగలవాళ్లు, కథలు తెలిసినవాళ్లు చాలామంది రైల్వే ఉద్యోగులే. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని ఒప్పుకోదు. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి వెసులుబాటు ఉంది గానీ నెలనెలా ఆదాయం వచ్చే కార్యక్రమం అందులో ఇమడదు. కనుక డబ్బు ఏ ఉద్యోగి ఖాతాలోకీ పోకూడదు. రిజిస్టరయిన సంఘం పేరున ఖాతా తెరవాలి, క్యూఆర్ కోడ్ దానికే ఉండాలి, లెక్కలు ఏటా సభలో చదవాలి. పారితోషికం రిటైరయినవాళ్లకు, గృహిణులకు, చదువుకుంటున్న పిల్లలకు వెళ్లాలి. ఉద్యోగి భార్య గానీ భర్త గానీ తీసుకుంటే ఆఫీసుకు ముందే తెలియజేయడం మంచిది.

బయటి విరాళాల మీదే పూర్తిగా ఆధారపడటం కూడా మంచిది కాదు. ఇదే ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ప్రపంచానికి పాఠం చెప్పింది. గోండీ మాట్లాడే పల్లెల నుంచి జనం ఫోనులో తమ వార్త తామే చెప్పుకున్నారు. 2014లో ఆయనకు లండన్‌లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ పురస్కారం దక్కింది. అయితే ఆ పనిని నడిపింది ఫెలోషిప్‌లు, బయటి సంస్థల నిధులు. బయటి నిధికి గడువు ఉంటుంది. ఊరి చందాకు ఏటా కొత్త రసీదు పుస్తకం ఉంటుంది.

డబ్బు పోయే దారులూ చెప్పుకోవాలి. సినిమా పాట అర నిమిషం వేసినా యూట్యూబ్ కనిపెడుతుంది, ఆ ఎపిసోడ్ ఆదాయం పాట హక్కుదారుకు వెళ్లిపోవచ్చు. దానికి బదులు కాలనీలో డప్పు కొట్టేవాళ్ల చేత, హారతి పాట పాడే అమ్మల చేత పాడించి రికార్డు చేయాలి. అది సొంత ఆస్తి. స్టూడియో అక్కర్లేదు. రైల్వే క్వార్టర్లో లోపలి గది, ఫ్యాను ఆపి, కిటికీకి బొంత, తలుపుకు దుప్పటి వేలాడదీస్తే చాలు. బొగ్గు వ్యాగన్ల గూడ్సు పోతున్నప్పుడు గోడ సన్నగా అదురుతుంది, మైకులో అది గుర్‌మని పడుతుంది. బండి దాటేదాకా ఆగి, చెప్పేవాళ్లకు మంచినీళ్లిచ్చి, ఆగిన వాక్యాన్ని మొదటి నుంచి చెప్పించాలి. ఆడియో సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం.

రికార్డు చేసిన ప్రతి పెద్దమనిషి దగ్గరా ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఈ గొంతు ఎవరిది, ఎక్కడెక్కడ వినిపించవచ్చు, పాఠంగా అమ్మితే ఆ ఇంటికి వాటా ఎంత అన్నవి అందులో రాసి ఉండాలి. ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసినవాళ్ల మాట రేపు ఏ విశ్వవిద్యాలయమో, ఏ సినిమావాళ్లో అడగవచ్చు. ఆ కాగితం సంఘం బీరువాలో ఉంటే డబ్బు ఆ ఇంటికి చేరుతుంది. బిలాస్‌పూర్ తెలుగు సంఘాలు ఈసారి పూజ లెక్కలకు కూర్చున్నప్పుడు పందిరి, మైకుసెట్టు పద్దుల కింద పాడ్‌కాస్ట్‌కూ ఒక పద్దు రాయాలి. ఇంటింటి నెల చందాకు తోడుగా మొదటి ఏడాదికి యాభై వేలు చాలు.