మస్టర్ పడితే దెబ్బ తగల్నట్టేనా?

మా బావ ఒక ఓపెన్‌కాస్టుల మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తడు. ఏ ఓసీ అనేది ఇక్కడ రాయను, ఆయన తమ్ముడింకా అక్కడ్నే పనిచేస్తుండు. డంపర్ టైరు విప్పేకాడ జాకీ జారి కుడిపాదం నలిగింది. తెల్లారి ఆరింటికి ఇంటి ముందు జీపు ఆగింది. పెద్దదవాఖానకు తీస్కపోతరనుకున్నది మా అక్క. కాదు. కట్టు కట్టిన కాలుతోనే షెడ్డు కాడికి తీస్కపోయి, బల్ల మీద కూసోబెట్టి, మస్టరేసి, పొద్దుగూకినంక దింపిపోయిండ్రు. ఇట్ల నాలుగు దినాలు. "కూలి పోకుండ చూసిండు, కాంట్రాక్టరు మంచోడు" అన్నది మా అక్క. బడిపంతుల్ని, నాలుగక్షరాలు చదువుకున్నోణ్ణి, నేను గూడ తలూపిన. చట్టం పుస్తకం తెరిచినంక గాని ఆ మంచితనమేందో తెల్వలేదు.

1952 గనుల చట్టం ప్రకారం దెబ్బ తగిలిన మనిషి 72 గంటలు గాని, అంతకు మించి గాని పనికి రాలేకపోతే ఆ గాయం లెక్కకెక్కాలె. రిజిస్టర్ల రాయాలె, ఇన్‌స్పెక్టర్లకు తెలియాలె. ఇప్పుడు అర్థమైందా జీపు ఎందుకొచ్చిందో? మనిషి షెడ్డుల కూసున్నడు, మస్టర్ పడ్డది, గైర్హాజరు లేదు. గైర్హాజరు లేదు గనుక గాయం లేదు! నలిగిన పాదం కాగితం మీద నలగనే లేదు. రేపు కాలు వంకర పోయి పరిహారమడిగితే "ఎప్పుడు తగిలింది? ఆ దినాలన్ని నువ్వు పనిమీదనే ఉన్నవు గదా" అంటరు. ఆ నాలుగు మస్టర్లే ఆయన మీద సాక్ష్యం.

2020లో చేసిన వృత్తి భద్రత కోడు 2025 నవంబర్ 21 నుంచి అమలులకొచ్చింది. ఇందుల 72 గంటలకు బదులు 48 గంటలన్నరు. సంబరపడాల్నా? 48 గాదు, 8 గంటలని రాసినా, దెబ్బ తగిలినోణ్ణి మోసుకొచ్చి హాజరేసే కాడ ఏ చట్టం పనిచేస్తది? పైగా ప్రమాదాలు తక్కువ చూపించినోళ్లకు రక్షణ పక్షోత్సవాల షీల్డులిచ్చే పద్ధతుంటే, దాచుడు నేరమెట్లయితది, నేర్పరితనమైతది గాని!

ఇగ ఇది అందరికీ జరుగుతదా? పర్మినెంటోనికి గుర్తింపు సంఘముంటది, కంపెనీ దవాఖాన ఉంటది, అడిగే నోరుంటది. కాంట్రాక్టోనికి రేపటి మస్టరే దిక్కు. ఒకప్పుడు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన చేతులెవరియి, ఇయ్యాల ఓబీల దుమ్ము మింగే గొంతులెవరియి? మాలమాదిగ వాడల నుంచి, వెనకబడిన కులాల ఇండ్ల నుంచి వచ్చినోళ్లెందరో బాయిమీద చాయ అమ్మే ముసలవ్వనడిగినా చెప్తది. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1ల పేలుడు జరిగితే చచ్చిపోయిన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే.

"బండకు కులం తెల్వదు సార్" అని మొన్న ఒక సంఘం నాయకుడు నాతోని వాదం పెట్టుకున్నడు. 2022 మార్చిల అడ్రియాల లాంగ్‌వాల్‌ల కప్పు కూలితే ఒక కాంట్రాక్టు కార్మికునితో పాటు ఇద్దరు అధికారులు కూడ పోయిండ్రు గదా అన్నడు. నిజమే, వాళ్ల ఇండ్లల్ల ఏడుపు కూడ ఏడుపే. బండకు తెల్వదన్నా. బండ కిందికి దినాం ఎవర్ని పంపాల్నో, ఎవని దెబ్బను రాయొద్దో తెలిసినోళ్లు వేరే ఉన్నరు.

2003 సంగతి మర్చిపోలేం. జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీల నీళ్లు ముంచెత్తి 17 మంది, అదే ఏడు అక్టోబర్ 16న 8ఏ ఇంక్లైన్‌ల కప్పు కూలి పదిమంది. 2021 నవంబర్‌ల శ్రీరాంపూర్ ఎస్సార్పీ-3ల నలుగురు. పెద్ద ప్రమాదమైతే మంత్రులొస్తరు, పేపర్లల్ల పడ్తది. ఒక్కొక్క వేలు, ఒక్కొక్క కన్ను, ఒక్కొక్క పాదం పోయేది మాత్రం ఎవని కంటా పడదు. పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరికలు ఇవే. వాటిని దాచినోడు రేపటి చావును గూడ దాచిపెట్టినట్టే.

అంబేద్కర్ లేబర్ మెంబరుగ ఉన్నప్పుడు 1943 డిసెంబర్‌ల ధన్‌బాద్ పోయి బొగ్గుబాయిలకు దిగి చూసిండు. 1944 జనవరిల బొగ్గు కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది, బొగ్గు మీద సెస్సేసి ఆ పైసలు కార్మికుల కోసమే పెట్టాలన్నరు. ఆయన ఫోటోకు ఏప్రిల్ 14న దండేసే మన సంఘాల నాయకులు ఎన్నడన్న ఒక ఓసీల ప్రమాదాల రిజిస్టర్ తెరిపించిండ్రా? 2022 సెప్టెంబర్‌ల సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 దినాలు సమ్మె చేసిండ్రు, హైపవర్ కమిటీ వేతనాల కోసం. న్యాయమైన కొట్లాటనే. గని కూలితో పాటు కాలి సంగతి గూడ ముందుకు రావాలె.

వాడల్ల ఉన్న తమ్ముళ్లకు, అక్కలకు ఒక మాట. దెబ్బ తగిలిన్నాడు జీపెక్కి షెడ్డుకు పోవద్దు. ముందు సర్కారు దవాఖానకు పోయి, "గనిల, పని మీద తగిలింది" అని చీటీ మీద రాయించుకోండ్రి. తారీఖు, టైము, చూసినోళ్ల పేర్లు ఇంట్ల పిల్లల నోటుబుక్కుల రాసిపెట్టుండ్రి. రాయరాకపోతే మీ వాడ బడిల పంతులు ఉంటడు. మా బావకు ఆనాడు చీటీ లేదు. అందుకే నేనిప్పుడు ఆయన కోసం షెడ్డు కాడ చూసిన ఇద్దర్ని వెతుకుతున్న. ఒకడు పనిపోతదని భయపడుతుండు. ఇంకొకడు వస్తనన్నడు.