వార్డులో ఫోను కనిపిస్తే తప్పేనా?

సంపాదకులకు,

నర్సింగ్ విద్యార్థులు వార్డులో కూడా ఫోను వదలడం లేదని గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివి బాధ కలిగింది. ఫోను పట్టుకున్న ప్రతి పిల్లా రీల్సే చూస్తోందనుకోవడం అన్యాయం.

పిల్లల వార్డుకు వచ్చి చూడండి. 12 కిలోల బిడ్డకు జ్వరం. డాక్టరు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ రాశారు, అంటే 180 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 ఉండే సిరప్ అయితే 7.2 మి.లీ. పట్టాలి, 250 ఉండేదైతే 3.6 చాలు. సీసాలేమో చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. రెండో సంవత్సరం అమ్మాయి కాగితం మీద లెక్క వేసి, ఆ తర్వాత ఫోనులోని మోతాదు లెక్కించే యాప్‌లో సరిచూసుకుంటే నేను మెచ్చుకుంటాను. లెక్క రాకుండా యాప్‌నే నమ్ముకుంటే మాత్రం ఊరుకోను.

ఫోనును ఇలా వాడడానికి విద్యార్థులు సిద్ధంగానే ఉన్నారు, అడ్డుపడుతున్నది అధ్యాపకులమైన మనమే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 బీఎస్సీ సిలబస్‌లో నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ పెట్టింది. మనమేమో వార్డు గుమ్మంలోనే ఫోన్లు లాక్కుంటున్నాం. మందు వికటిస్తే నర్సు కూడా ‘ఏడీఆర్ పీవీపీఐ’ యాప్‌లో తెలియజేయవచ్చని ఎంతమందికి చెప్పాం?

రోగి ఫొటో తీయడం, వివరాలు వాట్సాప్‌లో పెట్టడం క్షమించరానివే. అక్కడ కఠినంగా ఉందాం. ప్రతి వార్డులో కాలేజీ తరఫున ఒక ట్యాబ్, అందులో అధ్యాపకులు పరిశీలించిన యాప్‌లు ఉంచాలని యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక నర్సింగ్ ట్యూటర్, గుంటూరు