పెళ్ళి క్యాసెట్టుకి 4కే కార్డా గురూ?

మొన్న లంచ్ టైములో మా టీములో ఒకతను చాలా సీరియస్‌గా అడిగాడు. "ఇంట్లో అమ్మానాన్నల పెళ్ళి వీడియో క్యాసెట్టు ఉంది, కంప్యూటర్లోకి ఎక్కిద్దామనుకుంటున్నా. 4కే క్యాప్చర్ కార్డు తీసుకోవాలా, 1080పీ సరిపోతుందా?" టేబులు చుట్టూ ఉన్న ఆరుగురిలో ఐదుగురు "4కే తీసుకో, ఫ్యూచర్ ప్రూఫ్" అన్నారు. ఆరోవాణ్ణి నేను. నా మాట అక్కడ ఎవడూ వినిపించుకోలేదు కాబట్టి ఇక్కడ వాయిస్తున్నాను, భరించండి.

అయ్యలారా, అసలు ఆ క్యాసెట్టులో ఉన్న సరుకెంత? మన పాల్ పద్ధతిలో ఫ్రేముకి 625 గీతలు, వాటిలో బొమ్మ కనిపించేవి 576. అడ్డంగా చూస్తే వీహెచ్ఎస్ ఇచ్చే వివరం సుమారు 240 గీతలే, రంగుల సంగతైతే అంతకన్నా కనాకష్టం. 720×576లో పట్టుకుంటే టేపులో ఉన్నదంతా వచ్చేసినట్టే, కొంత చోటు మిగులుతుంది కూడా. అదే టేపుని 4కేలో పట్టుకుంటే కొత్తగా వచ్చేదేమీ లేదు, హార్డ్ డిస్కు నిండటం తప్ప. చెంబుడు నీళ్ళకి ట్యాంకరు మాట్లాడుకున్నట్టు.

"సరే, అయితే ఆ ఐదారొందల హెచ్‌డీఎంఐ స్టిక్కు కొంటా" అంటాడు ఇంకొకడు. ఇది ఇంకా ఘోరం. వీసీఆర్‌కి హెచ్‌డీఎంఐ ఉండదు. కాబట్టి మధ్యలో ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే ఇంకో చవక డబ్బా పెట్టాలి. ఆ డబ్బా సెకనుకి 50 ఫీల్డులున్న బొమ్మని తనకి తోచినట్టు కలిపేసి, 720పీయో 1080పీయో చేసి, చాలాసార్లు 60 ఫ్రేములకి లాగి, 4:3 బొమ్మని 16:9కి సాగదీస్తుంది. 1994లో సన్నగా రివటల్లా ఉన్న మా బాబాయిలందరూ ఒక్కసారిగా గుమ్మడికాయలైపోయారు నా మొదటి ప్రయత్నంలో. అమ్మ చూసి "ఈయనెవర్రా?" అంది. నాన్న!

ఇక ఆ స్టిక్కు మీద "4కే, యూఎస్‌బీ 3.0" అని రాసి ఉంటుంది, కనెక్టర్లో ముచ్చటగా నీలం ప్లాస్టిక్ కూడా ఉంటుంది. ఇలాంటి చవక స్టిక్కుల్లో చాలావాటి లోపల ఉండేది మాక్రోసిలికాన్ వాళ్ళ ఎంఎస్2109 చిప్పు. అది యూఎస్‌బీ 2.0. నమ్మరా? 1920 ఇంటూ 1080 ఇంటూ పిక్సెల్‌కి 2 బైట్లు ఇంటూ 30 ఫ్రేములు వేసి చూడండి, సెకనుకి 124 ఎంబీ. యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారమే 60 ఎంబీ మించదు, నిజంగా పారేది ఇంకా తక్కువ. కాబట్టి ఆ బుల్లి చిప్పు ప్రతి ఫ్రేమునీ జేపెగ్‌గా పిండి పంపిస్తుంది. గేములు స్ట్రీమ్ చేసుకునేవాడికి అది చాలు. ఒక్కసారే పట్టుకోగలిగే పాత టేపుకి మాత్రం ఎందుకండీ ఈ పిండుడు? నాలుగేళ్ళు బీటెక్ చదివి, క్లయింటుకి కెపాసిటీ ప్లానింగులు రాసిచ్చే మనం, సొంత డబ్బులతో కొనేటప్పుడు ఈ ఒక్క గుణకారం చెయ్యమే, అదీ నా బాధ.

మరి ఏం కొనాలి? పసుపు, ఎరుపు, తెలుపు జాకులు నేరుగా దిగే మామూలు యూఎస్‌బీ స్టిక్కు. 720×576ని అసలు పిండకుండా తీసుకున్నా సెకనుకి 20.7 ఎంబీ, యూఎస్‌బీ 2.0కి అది సమస్యే కాదు. "ఈజీక్యాప్" అన్న పేరుతో దొరికేవి ఇవే. కాకపోతే అది కంపెనీ కాదు, లాటరీ టికెట్టు. పైన అదే డబ్బా, అదే స్టిక్కరు. లోపల సింటెక్ ఎస్‌టీకే1160 ఉండొచ్చు, ఎంపియా వాళ్ళ ఈఎం2860 ఉండొచ్చు, యూటీవీ007 ఉండొచ్చు, సోమాజిక్ వాళ్ళది ఉండొచ్చు. మొదటి మూడింటికీ లినక్స్ కెర్నెల్లోనే డ్రైవర్లున్నాయి (ఎస్‌టీకే1160, ఈఎం28ఎక్స్ఎక్స్, యూఎస్‌బీటీవీ), గుచ్చితే చాలు. నాలుగోది తగిలితే మాట్లాడకుండా వాపసు పెట్టెయ్యండి. విండోసే కావాలి, ఈ జూదం నావల్ల కాదు అనుకుంటే ఇంకొంచెం డబ్బు పెట్టి హాపాగ్ యూఎస్‌బీ-లైవ్2 లాంటిది తీసుకోండి. అంతకు మించి ఎక్కొద్దు. ఎస్-వీడియో సాకెట్ ఉందని ఎక్కువ ఇవ్వొద్దు కూడా. మన ఇళ్ళల్లోని మామూలు వీసీఆర్లకి ఎస్-వీడియో అవుట్ ఉండదు, దాంట్లో గుచ్చేదేమీ లేదు.

ఎవరి అటకమీదైనా 2000ల నాటి టీవీ ట్యూనర్ కార్డు ఉంటే దాన్ని పారేయకండి. బీటీ878 చిప్పున్న కార్డు ఈ పనికి ఇప్పటికీ మర్యాదస్తురాలే, బీటీటీవీ డ్రైవరూ ఉంది. ట్యూనరు భాగం ఎటూ పనికిరాదు (హైదరాబాదు, విశాఖల్లో 2013లోనే కేబులు డిజిటలైపోయింది), కానీ వెనక పసుపు జాకు పనిచేస్తుంది. దానికి పీసీఐ స్లాటు కావాలి, కొత్త బోర్డుల్లో అది దాదాపు కనిపించదు. పాత డబ్బా ఇంకా బూటవుతుంటే మాత్రం మీకు పైసా ఖర్చు లేదు.

స్టిక్కుతో ఇచ్చే సీడీలోని సాఫ్టువేరు జోలికి పోకండి. వర్చువల్‌డబ్2 గానీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ గానీ వాడండి. మొదట పాల్-బి ఎంచుకోండి. ఎన్‌టీఎస్‌సీలో వదిలేస్తే బొమ్మ నలుపు తెలుపులో పొర్లుతుంది, స్టిక్కు పాడైందనుకుని చాలామంది తిట్టుకుంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మరీ జాగ్రత్త, అక్కడి మామూలు వీసీఆర్లు మన పాల్ క్యాసెట్టుని సరిగా ఆడవు. ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి లాస్‌లెస్ కోడెక్‌లో దాచండి. పిండకుండా అయితే గంటకి 75 జీబీ, ఇలా అయితే అందులో సగానికి అటూఇటూ. డీఇంటర్‌లేస్ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు, క్యాప్చర్ చేసేటప్పుడు వద్దు.

అసలు డబ్బు పెట్టాల్సింది వీసీఆర్ మీద. ఇదే ఎవరూ చెప్పరు, ఎందుకంటే దానికి అన్‌బాక్సింగు లేదు. ప్రపంచంలో ఆఖరుగా వీసీఆర్లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. కాబట్టి మీకు దొరికేదేదైనా పాతదే. లోపల రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి, పించ్ రోలర్ గట్టిపడి ఉంటుంది, హెడ్ల మీద మురికి. తిరిగే టేపు కాస్త వణికినా గీతలు వంకర్లు పోతాయి, చవక స్టిక్కు కంగారుపడి ఫ్రేములు వదిలేస్తుంది, మూడు గంటల టేపు చివరికొచ్చేసరికి పంతులుగారి పెదాలొకచోట, మంత్రమొకచోట. దీనికి నాలుగింతల ఖరీదు కార్డు కొన్నా మందు కాదు. బాగా సర్వీసు చేసిన వీసీఆర్, వీలైతే మధ్యలో గీతల్ని సరిచేసే పాత డీవీడీ రికార్డరు (పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15లకి ఈ విషయంలో మంచి పేరుంది). కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి అడిగితే, వీసీఆర్ విప్పడం తెలిసిన పెద్దాయన నాకొకరు దొరికారు. స్టిక్కుకి పెట్టినదానికి మూడు రెట్లు ఆయనకిచ్చాను, ఒక్క రూపాయికీ బాధలేదు.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. ఎనిమిది నెలలు రివ్యూలు చూశాను. ఎక్సెల్ షీట్ వేశాను, పద్నాలుగు కార్డులు, తొమ్మిది కాలమ్స్. ఈలోగా అమ్మకి విసుగొచ్చి "నీవల్ల కాదులే" అని మా ఊళ్ళో ఒక స్టూడియోకి క్యాసెట్టు ఇచ్చేసింది. వాళ్ళు పెన్‌డ్రైవూ ఇచ్చారు, క్యాసెట్టూ ఇచ్చారు. అప్పగింతల దగ్గర వాళ్ళ మిషను టేపుని నమిలింది. వీహెచ్ఎస్ టేపులో మామూలు శబ్దం పై అంచున ఉంటుంది, సరిగ్గా ఆ అంచే మడతపడింది. బొమ్మ వస్తోంది. పెన్‌డ్రైవులో అక్కడ వాళ్ళు సన్నాయి వాయిద్యం అతికించేశారు.

ఆ పెళ్ళి వీడియో అంతా తీసినప్పుడే సినిమా పాటలు కలిపేశారు, అప్పటి ఫ్యాషనది. అప్పగింతల దగ్గర మాత్రం పాట లేదట. తాతయ్య నాన్న చెయ్యి పట్టుకుని ఏదో చెప్తూ ఉంటారు. ఆయన గొంతు ఉన్న రికార్డింగు మా ఇంట్లో అదొక్కటే. ఇప్పుడు పెదాలు కదులుతాయి, సన్నాయి వినిపిస్తుంది. నా ఎక్సెల్ షీట్ ఇంకా ఉంది, తీసెయ్యలేదు.

అందుకే "తొందరేముంది, ఇంకా మంచి కార్డులొస్తాయి" అంటే నాకు మండుతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ వాళ్ళు 2015లోనే, టేపుల్ని కంప్యూటరెక్కించడానికి 2025ని గడువుగా చెప్పారు. అది ఏసీ గదుల్లో పెట్టుకునేవాళ్ళ మాట. మన అటకల మీద, వానాకాలం చెమ్మలో, టేపు చుట్ట అంచున తెల్లటి బూజు ఇప్పటికే కనిపిస్తూ ఉండొచ్చు. కనిపిస్తే ఆడించొద్దు, ముందు శుభ్రం చేయించండి. బూజు హెడ్లకంటితే పక్క క్యాసెట్టుకీ చేటే.

"ఎలా పట్టినా ఏఐతో అప్‌స్కేల్ చేసేస్తా" అనే మేధావులకి ఒక్క మాట. చేసి చూశాను. మా పెద్దమ్మ ముఖం నున్నగా, అందంగా వచ్చింది. ఆవిడ మా పెద్దమ్మ కాదు, అంతే. లేని గీతల్ని ఊహించి గీస్తుంది అది. తాతయ్య మాటల్నీ ఊహించి పలికించమంటారా?

నా వీసీఆరూ స్టిక్కూ ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి. మా టీము అబ్బాయికి సోమవారం తెచ్చిస్తానన్నాను. "అయ్యో అన్నా, 4కే కార్డు నిన్న రాత్రే ఆర్డర్ పెట్టేశా" అన్నాడు. క్యాసెట్టు ఎక్కడుంది అని అడిగితే, ఊళ్ళో అటక మీద ఎక్కడో ఉండాలి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు వెతకాలి అట.