గోళ్ళ సాక్ష్యం

హతుని గోళ్ళ కింద పరాయి డి.ఎన్.ఏ. దొరికిందనగానే హంతకుడు దొరికాడని తీర్మానించడం తొందరపాటు. ఏటూరునాగారంలో ఒక తల్లి అరుగు మీద కూర్చుని బిడ్డ తలలో పేలు చూసినా, ఆ బిడ్డ డి.ఎన్.ఏ. ఆమె గోళ్ళలో చేరవచ్చు కదా! అది ఎవరిదో పరీక్ష చెప్పగలదు. ఎప్పుడు, ఎందుకు చేరిందో చెప్పలేదు. పెనుగులాటలో గట్టిగా రక్కితే సాధారణంగా ఎక్కువ చేరుతుంది. చేతులు కడిగితే తగ్గుతుంది. కావున దొరికిన మోతాదు, నిందితుని ఒంటిపై గీరుళ్ళు, ఇరువురి పూర్వపరిచయం కూడా న్యాయస్థానం ముందుంచవలసిందే.

గోళ్ళ మాట అటుంచినా, 2007లో విజయవాడలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో డి.ఎన్.ఏ. నివేదికనూ సాక్ష్యంగా చూపారు. 2010లో ఒక యువకునికి శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతడు సుమారు ఎనిమిదేళ్ళు చెరసాలలో గడిపాడు.