ఆ పేర్లు నలుగురికీ వినబడాలి

సంపాదకులకు,

హత్యకు గురైన ట్రాన్స్‌జెండర్ల సంస్మరణ సభలో ఆటపాటలెందుకు, రెండు నిమిషాల మౌనం చాలదా అని గతవారం ఒక పాఠకుడు రాశారు. ఆయనతో ఏకీభవించలేను.

1998లో అమెరికాలోని బోస్టన్‌లో రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళను కత్తితో పొడిచి చంపారు. హంతకులెవరో నేటికీ తేలలేదు. ఆమె కోసం మరుసటి ఏడాది మొదలైన సంస్మరణే ఏటా నవంబర్ 20న జరుగుతోంది. మన హైదరాబాద్‌లోనూ 2018 మేలో, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారు నమ్మి, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్ మహిళను మూక కొట్టి చంపింది.

బతికున్నప్పుడు గేలి చేసి, పోయాక పట్టించుకోని సమాజంలో మౌనం కొత్తేమీ కాదు. నేను చూసిన సభలో ఒక్కొక్కరి పేరు, వయసు, ఊరు చదివారు. ఆ వెంటనే డప్పు మోగింది. పట్టుచీరలు కట్టుకున్న నడివయసు హిజ్రాలు కన్నీళ్లు తుడుచుకుంటూనే ఆడారు. మేమింకా బతికే ఉన్నామని చెప్పడమది.

2019లో చేసిన చట్టం ట్రాన్స్‌జెండర్లపై లైంగిక దాడికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్షే పెట్టింది. వారి ప్రాణానికి, మానానికి మనమిచ్చే విలువ అంతేనా? సభలో ఆటపాటలను విమర్శించేవారు ఈ నవంబర్ 20న ఒక్కసారి అక్కడికి వెళ్లి చూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్