గృహవిజ్ఞానము: పొడిని నింపు నేర్పు



మా బొబ్బిలిలో మొన్న నొక యింట జరిగిన సంగతితో నీ మాసపు మాట నారంభించెదను. ఆ యింటికి క్రొత్తగా కోడలు వచ్చినది. మామగారికి తెల్లవాఱగనే చిక్కని కాఫీ కావలెను. కోడలు పెట్టిన కాఫీ యొకనాడు పలుచన, మఱునాడు చేదు. మొదట దుకాణదారు నాడిపోసికొనిరి. పిమ్మట పొడి మార్చిరి. తుదకు, “పుట్టింట నేమియు నేర్పలేదు కాబోలు” నను మాట పుట్టినది. ఆ పిల్ల చాటున కన్నీరు తుడుచుకొని, మూడు చెంచాల పొడి వేయుచోట నాలుగు వేయసాగెను. కాఫీ బాగుపడలేదు సరికదా, నెల కంతటికి రావలసిన పొడి యిరువదిరెండు దినములకే చెల్లిపోయెను. బొబ్బిలియుద్ధము 1757లోనే ముగిసినదనుకొంటిమి గాని, ఆ వంటయింట మరల మొదలగునట్లుండెను!

అత్తగారు నాకు చిరకాలపు స్నేహితురాలు. పోయి చూచితిని. దోషము పొడిది కాదు, పిల్లది కాదు. ఫిల్టరు పైగిన్నెలో నుండవలసిన బిళ్ళ లేదు! నడుమ చిన్న కాడ నిలిచి, చిల్లులుగల యా బిళ్ళ యెన్నడో పోయినది. అత్తగారు యేండ్ల యలవాటుచే పొడిని చెంచా వెనుకభాగముతో నద్ది చదును చేసికొనుచుండెను. తాను చేయుచున్న దేమో ఆమెకే తెలియదు, కావున కోడలికి చెప్పనూలేదు. పిల్ల పొడిని కుప్పగా బోసి, మరుగునీటిని ధారగా నడుమ బోయుచుండెను.

అందేమి జరుగునో చూడుడు. నీటి స్వభావము సులువైన త్రోవను వెదకుకొనుట. పొడి యొకచోట గుల్లగాను, ఒకచోట గట్టిగాను ఉన్నయెడల నీరు గుల్లయున్నచోటనే దిగి యొక కాలువ చేసికొనును. గిన్నెగోడ వెంబడి సందున్నచో నటనే జారిపోవును. ఆ కాలువప్రక్కనున్న పొడి నుండి సారమంతయు పోయి, పిమ్మట చేదుకూడ దిగును. దూరముగానున్న పొడి తడిసియు తడియక మిగిలిపోవును. వేయించిన కాఫీపొడిలో నీట కరుగు భాగము నూటికి సుమారు 30 పాళ్లు. అందు 18 మొదలు 22 పాళ్ల వఱకు దిగిన నది మంచి రుచి. అంతకు తక్కువైన చప్పన, మించిన చేదు. పొడి సమముగా లేనియెడల నొక్క గిన్నెలోనే యీ రెండు దోషములును కలుగును. అట్టిచోట మఱియొక చెంచా పొడి వేసిన నేమి లాభము? కాలువ కాలువగానే యుండును, ఖర్చుమాత్రము పెరుగును.

కావున నింపువిధము నిట్లు పాటింపుడు.

మొదట పైగిన్నెను వెలుతురున కెత్తి చూడుడు. అడుగు చిల్లులన్నియు చుక్కలవలె కనబడవలెను. పూడినచో సోడాయుప్పు వేసిన నీట కాచి కడుగవలెను. గిన్నె లోపల తడిలేకుండ తుడువుడు. తడిగోడకు పొడి యంటుకొని యడుగున సమముగా బడదు.

రెండవది, కొలిచిన పొడిని విడివిడిగా జల్లుడు. పొడి గిన్నెలో సగమునకు మించకూడదు. గిన్నె ప్రక్కను వ్రేలితో నాలుగైదుమారులు తట్టినచో పొడి తనంతట తాను సర్దుకొనును. అప్పుడు బిళ్ళ నుంచి, కాడను పట్టుకొని కొంచెము త్రిప్పుచు చదును చేయుడు. బిళ్ళ చదును చేయుటకే గాని బలము చూపుటకు గాదు. అదిమి నొక్కినచో నీరు దిగక నిలిచిపోవును.

మూడవది, మరిగిన నీరు మూడునాలుగు చెంచాలు మాత్రము పోసి నిమిషమాగుడు. పొడి తడిసి యుబ్బును. వేయించునపుడు గింజలో చేరిన బొగ్గుపులుసు వాయువు బుడగలై లేచిపోవును. పిమ్మట మిగిలిన నీటిని బిళ్ళమీదనే మెల్లగా బోయుడు. బిళ్ళ ధారను నలువైపులకు పంచును, పొడిలో గుంట పడనీయదు.

డికాక్షన్ చుక్కచుక్కగా బది పదునైదు నిమిషములు దిగవలెను. రెండుమూడు నిమిషములలో దిగిపోయిన పొడి బరక, లేక గుల్ల. అరగంటకును దిగకున్న పొడి మిక్కిలి మెత్తన, లేక మిక్కిలి యదిమితిరి, లేక చికోరీ హెచ్చు. పెండ్లి పేరంటములందు పదిమందికి వలసినదంతయు నొక్క ఫిల్టరులోనే నిలువుగా నింపకుడు. లోతు పెరిగినకొలది పొడి తన బరువుకే యడుగున బిగిసికొనును. రెండు వెడల్పు గిన్నెలు పెట్టుకొనుట మేలు.

ఇది కాఫీగిన్నె ముచ్చట మాత్రమేయని తలపకుడు. మూలికలనుండి సారము తీయువా రందఱికి నిదియే పాఠము. 1833లో పారిస్‌నందలి ఔషధకారులు బులే తండ్రికొడుకులు, నిలువు పాత్రలో మూలికపొడిని నింపి పైనుండి ద్రవమును బోసి సారము తీయు పద్ధతిని వివరించిరి. మీద పోసిన క్రొత్తద్రవము క్రిందనున్న చిక్కని ద్రవముతో నంతగా కలియక దానిని ముందునకు త్రోయుననుటయే యందలి కీలకము. త్రోవ సమముగా నున్నగాని యా త్రోపుడు సాగదు. అందుచేతనే ఔషధశాలలందు పొడిని ముందుగా తడిపి యుబ్బనిచ్చి, పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరను సమముగా నొత్తు నాచారము కలిగినది.

మనకు సమీపముననే వాల్తేరునందు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు 1949లో ఢిల్లీకి పోవుటకు ముందు, శిష్యులతో గూడి ప్రత్తిపూవులు మొదలగువానిలోని రంగుపదార్థములను వేఱుచేసి పరిశోధించిరి. మొక్కలనుండి సారము తీయుటకు ప్రయోగశాలలలో నేటికిని వాడునది, 1879లో జర్మను శాస్త్రజ్ఞుడు సాక్స్‌లెట్ పాలలోని వెన్నను కొలుచుటకు కల్పించిన గాజుసాధనము. అందు పొడి నుంచు దళసరి కాగితపు గొట్టమును గూడ కిక్కిరిసి నింపరాదు.

నిమ్మగడ్డి తైలము తీయు బట్టీలు చూచితిరా? అందు ద్రవమునకు బదులు నీటియావిరి పనిచేయును. చిల్లుల పలకమీద గడ్డిని పొరలుగా బఱచి త్రొక్కుదురు. గోడలవెంబడి మఱింత శ్రద్ధతో త్రొక్కవలెను. లేనిచో ఆవిరి యెలుకబొరియవంటి దారి చేసికొని పోవును, తైలము గడ్డిలోనే మిగులును, కట్టెలు మాత్రము కాలును.

తవుడుసంగతి మఱియు వింత. తవుటిలో నూటికి 15 మొదలు 20 పాళ్ల నూనె కలదు. కాని తవుడు మెత్తన. అట్లే నింపిన ద్రవము దిగదు. అందుచేత కర్మాగారములలో దానిని గుళికలుగా నొత్తి, గుళికలసందుల ద్రవము పాఱునట్లు చేయుదురు. ఆలసించిన తవుడు ముక్కిపోవునని మనకు తెలిసినదే కదా. బియ్యము మరపట్టిన గంటలనుండియే యా చెఱుపు మొదలగును. కావున వెంటనే వేడిచేయుదురు.

ఇక నొక హెచ్చరిక. ఇంట మల్లెలనుండియో వట్టివేళ్లనుండియో పరిమళము తీయవలెనని స్పిరిటు, పెట్రోలు, గ్యాసు మొదలగువానిని గొట్టములలో బోయు ప్రయత్నము చేయకుడు. పెట్రోలు, వంటగ్యాసు ఆవిరులు గాలికంటె బరువు. కంటికి కనబడక నేలవెంబడి ప్రాకి దూరపు పొయ్యినిగూడ చేరి భగ్గుమనును. అవి కర్మాగారములకు దగినవే గాని వంటయింటికి దగినవి కావు. మనకు వేడినీరు చాలును.

ఆ యింటిమాట ముగించెదను. బజారులో వేఱొక బిళ్ళ దొరకువఱకు, శుభ్రమైన పలుచని గుడ్డను గుండ్రముగా కత్తిరించి పొడిపై బఱపించితిని. అత్తాకోడండ్ర నిద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపి, అదే పొడి, అదే నీరు, మూడే చెంచాలతో రెండు గిన్నెలు దింపించితిని. ఒకటి కుప్పబోసినది, ఒకటి చదును చేసినది. రెండింటిని రుచిచూచి అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిదప కోడలివైపు తిరిగి, “నేను చేయునది నీకు చూపనేలేదమ్మా” యనిరి. ఆ మాటతో పిల్లముఖము వికసించినది.

చేతికి వచ్చిన పనిని నోటితో చెప్పుటకు మనకు తోచదు. చెప్పని దానిని నేర్వలేదని పిల్లలను నిందింతుము. మీ యింట నట్టి “పోయిన బిళ్ళ” యేదైన నున్నదేమో వెదకి చూడుడు.